బీపీ మాత్ర – గుండె – షుగరు
(మన సంఘం వార్షిక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ముందే ఒక మాట మనవి చేసుకుంటాము. మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు, సామాన్యశాస్త్రం చెప్పుకునే వాళ్ళము. కార్యదర్శిగారు ఇంటికి వచ్చి ఈసారి ఆరోగ్యం మీద మీరే మాట్లాడాలన్నప్పుడు, ఎవరైనా డాక్టరుగారిని పిలవండి సాహెబ్, అన్నాము. "డాక్టరు మాట్లాడితే మనవాళ్ళు తల ఊపి ఇంటికి పోతారు. మీరు చెప్తే అడ్డం తిరిగి ప్రశ్నలేస్తారు. మాకు అదే కావాల" అన్నారాయన. అందుకని ఒప్పుకున్నాము. మేము చెప్పేది చదివినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, మా ఇంట్లో కళ్ళారా చూసినదీ. ఇది విని ఎవరూ తమ మాత్ర తామే మార్చుకోవద్దు. ఆ పని చేసినందువల్లనే మా ఇంట్లో జరిగిన కథ మొదట చెబుతాము.

మా ఫూఫీ చిత్తూరులో ఉంటుంది. అరవై దాటిన మనిషి. పదకొండేళ్ళుగా బీపీకి ఒకే మాత్ర వేసుకుంటూ వచ్చింది. ఒక డాక్టరు ఎప్పుడో రాసిచ్చిన చీటీ, మడతలు పడి చిరిగిపోయినా దాన్నే మందుల షాపులో చూపించి తెచ్చుకునేది. ఆ మాత్రలో రెండు మందులున్నాయి. ఒకటి అటెనొలాల్, రెండోది మనవాళ్ళు 'నీళ్ళ మాత్ర' అంటారే, మూత్రం ఎక్కువగా పోయించే థయజైడ్ జాతి మందు. ఒక ఏడు రక్తపరీక్ష చేయిస్తే పరగడుపున షుగరు 148 వచ్చింది. ఫూఫీ దిగులు పడింది. అంతలోనే బంధువులింట్లో వలీమాకు పోయింది. అక్కడ భోజనాల దగ్గర కాస్త చదువుకున్న ఒకాయన ఆ మాత్రల అట్ట చూసి, "ఇది తింటే షుగరొస్తుంది, మీకు తెలీదా? దీనివల్లనే మీకు షుగరొచ్చింది" అని తేల్చేశాడు.

ఇంటికి రాగానే ఫూఫీ అట్టలన్నీ తీసి చెత్తబుట్టలో పారేసింది. "ఒక రోగానికి మందు తిని ఇంకో రోగం కొనుక్కోవాల్నా బేటా?" అని మాతో ఫోన్లో అన్నది. మేము కూడా, చదువు చెప్పే వాళ్ళమై ఉండీ, "సరే ఫూఫీ, కొన్నాళ్ళు చూద్దాం" అన్నాము. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతూ ఉంటాము.

అయిదో రోజు ఫజర్ వేళకు గుండెల్లో బిగపట్టినట్లయి, ఎడమ చెయ్యి లాగి, ఊపిరాడక కూర్చుండిపోయింది. పిల్లలు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. బీపీ 210/120. గుండె నిమిషానికి 120 పైన కొట్టుకుంటున్నది. అల్లా దయవల్ల గుండె కండరం దెబ్బతినక ముందే చేరారు. నాలుగు రోజులుంచి పంపించారు. మేము తిరుపతి నుంచి పోయేసరికి అక్కడున్న చిన్న వయసు డాక్టరమ్మ మాకు ఒక కాగితం వెనుక బొమ్మ గీసి అంతా చెప్పింది. "ఆయన చెప్పిన దాంట్లో సగం నిజముంది మాస్టారూ. ఆ సగమే ప్రాణం మీదికి తెచ్చింది" అన్నది. ఈ రోజు మా ఉపన్యాసమంతా ఆ రెండో సగం గురించే.

మన జిల్లాలో మామిడితోట లేని ఊరు తక్కువ గనుక తోట లెక్కలోనే చెబుతాము. బోరు మోటారు ఉంది. పైపులున్నాయి. పైపుల్లో నీళ్ళున్నాయి. పైపు సన్నబడినా, లోపల గార పట్టినా, నీళ్ళు ఎక్కువైనా పైపు మీద ఒత్తిడి పెరుగుతుంది. మోటారు మూలుగుతూ లాగాల. గుండె మోటారు, రక్తనాళాలు పైపులు. తేడా ఒక్కటే. మోటారు కాలిపోతే కొత్తది తెస్తాము. గుండెకు బరువెక్కువైతే అది ఏళ్ళ తరబడి లాగి లాగి, కస్రత్ చేసిన పహిల్వాను జబ్బలాగ ఎడమవైపు గోడ మందమైపోతుంది. జబ్బ మందమైతే బలం. గుండె గోడ మందమైతే బలం కాదు, బిరుసు. లోపల రక్తం నిండే చోటు తగ్గుతుంది, దానికే రక్తం చాలదు, లయ తప్పుతుంది, చివరకు అలిసిపోయి ఆయాసం, కాళ్ళ వాపు వస్తాయి.

బీపీ మందులన్నీ ఈ మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట పని చేస్తాయి. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి మోటారు వేగాన్ని తగ్గిస్తాయి. వీటిని బీటా బ్లాకర్లు అంటారు. నీళ్ళ మాత్ర ఉప్పును, నీళ్ళను బయటికి పంపుతుంది. ఆమ్లోడిపిన్ పైపుల బిగువు సడలిస్తుంది. చివరకు 'ప్రిల్' అని వచ్చేవి, అంటే ఎనలాప్రిల్, రామిప్రిల్, 'సార్టన్' అని వచ్చేవి, అంటే లోసార్టన్, టెల్మిసార్టన్, ఇవి పైపును బిగించే యాంజియోటెన్సిన్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. ఇంటికి పోయి మీ మాత్రల అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే పేరు చూసుకోండి, కంపెనీ పేరు కాదు. తోక 'లాల్' అయితే ఒక జాతి, 'ప్రిల్' అయితే ఒక జాతి, 'సార్టన్' అయితే ఇంకో జాతి. మా ఏడో తరగతి పిల్లలు ఇది పది నిమిషాల్లో నేర్చుకుని వాళ్ళ నానీల డబ్బాలన్నీ వెతికి వచ్చారు.

ఈ మందుల కథలో మనవాళ్ళ పేరు కూడా ఒకటుంది, చెప్పకుండా ఉండలేము. సర్పగంధ అనే మొక్క వేరును యునానీ హకీములు అస్రోల్ అనీ, వైద్యులు సర్పగంధ అనీ నిద్ర పట్టనివారికి, మతి చలించినవారికి ఇస్తూ వచ్చారు. ఢిల్లీ తిబ్బియా కాలేజీని స్థాపించిన హకీం అజ్మల్ ఖాన్ సాహెబు ఈ వేరును నవీన శాస్త్ర పద్ధతిలో పరిశోధించాలని కోరుకున్నారు. ఆ పనికి జర్మనీలో చదువుకుని వచ్చిన సలీముజ్జమాన్ సిద్దీఖీని పెట్టారు. హకీం సాహెబు 1927లో కాలం చేశారు. 1931లో సిద్దీఖీ ఆ వేరులోంచి ఒక పదార్థాన్ని విడదీసి, దానికి ఆయన పేరే పెట్టి 'అజ్మలీన్' అన్నాడు. గుండె లయకు సంబంధించిన పరీక్షల్లో డాక్టర్లు ఇప్పటికీ దాన్ని వాడతారు. అదే 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల వివరాలను ఇంగ్లండులోని గుండె జబ్బుల పత్రికలో ప్రచురించగా, అప్పుడు గాని లోకం ఇటు చూడలేదు. 1952లో స్విట్జర్లాండు కంపెనీవారు ఆ వేరులోంచే రెసర్పిన్ తీశారు. మీలో డెబ్బై దాటిన వారికి అడెల్ఫేన్ మాత్ర గుర్తుండే ఉంటుంది. అందులో ఉన్నది అదే. బీపీ తగ్గించేది గాని కొందరికి మనసు కుంగదీసేది. తరువాత వచ్చిన మందులు దాన్ని వెనక్కి నెట్టాయి.

పేరుకే పాము అనుకుంటే, నిజం పాము కూడా వచ్చింది. బ్రెజిల్ దేశపు ఒక రక్తపింజరి జాతి పాము విషం కాటు పడినవాడి రక్తపోటును ఒక్కసారిగా పడేస్తుంది. ఆ విషాన్ని పరిశీలించి, దాని మాదిరి చూసి, క్యాప్టోప్రిల్ అనే మందును తయారు చేశారు. 1981లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఇప్పటి 'ప్రిల్' మందులన్నిటికీ అదే పెద్దన్న. 'లాల్' జాతి మొదట ఇంగ్లండులో జేమ్స్ బ్లాక్ చేతి మీదుగా 1960లలో వచ్చింది, ఆయనకు 1988లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక వలీమాలో ఆ పెద్దమనిషి చెప్పిన సగం నిజం సంగతికి వద్దాము.

అన్నం తింటే రక్తంలో చక్కెర పెరుగుతుంది. క్లోమం ఇన్సులిన్ విడుస్తుంది. ఇన్సులిన్ తాళంచెవి మాదిరి కండరాల తలుపు తీసి చక్కెరను లోపలికి పంపుతుంది. తలుపు తాళం తుప్పు పట్టి తాళంచెవి తిరగకపోతే, క్లోమం ఒకటికి నాలుగు తాళంచెవులు పంపి కొంతకాలం నెట్టుకొస్తుంది. అది అలిసిన నాడు షుగరు బయటపడుతుంది. అటెనొలాల్ లాంటి పాత 'లాల్' మందులు గుండె వేగాన్ని తగ్గించడంతోబాటు కండరాల్లోని చిన్న రక్తనాళాలను కొంచెం బిగించేలా చేస్తాయి. ఇన్సులిన్‌తో కూడిన రక్తం అక్కడికి తక్కువగా చేరుతుంది. క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలకు కూడా కొంచెం అడ్డు తగులుతాయి. ఒకటి రెండు కేజీల బరువు పెరగడం కూడా కద్దు. నీళ్ళ మాత్ర దారి వేరు. అది ఉప్పుతోబాటు పొటాషియాన్ని కూడా మూత్రంలో పోగొడుతుంది. క్లోమం ఇన్సులిన్ విడవాలంటే పొటాషియం సరిగా ఉండాల. అది తగ్గితే విడుదల మందగిస్తుంది. ఈ రెండు జాతులూ ఒకే మాత్రలో ఉంటే రెండు దెబ్బలూ కలుస్తాయి. మా ఫూఫీ వేసుకున్నది సరిగ్గా అదే జోడీ.

ఆమ్లోడిపిన్ షుగరు జోలికి పోదు. దానివల్ల కొందరికి చీలమండలు వాస్తాయి, అంతే. 'ప్రిల్', 'సార్టన్' జాతులు తాళానికి నూనె వేసినట్లు కొంత మేలే చేస్తాయి. 'ప్రిల్' మాత్రతో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. దగ్గు మందు సీసాలు తాగుతూ ఆర్నెల్లు గడపకుండా డాక్టరుకు చెప్తే మాత్ర మారుస్తారు. ఇంకొకటి, అమ్మలు గట్టిగా గుర్తు పెట్టుకోవలసింది: గర్భిణులు 'ప్రిల్', 'సార్టన్' జాతి వేసుకోకూడదు, బిడ్డకు హాని. కోడలికి బీపీ ఉందని అత్తగారి డబ్బాలోంచి మాత్ర తీసి ఇవ్వడం మనిళ్ళలో లేనిది కాదు.

ఇంత చెప్పినాక, "అయితే ఆయన చెప్పింది నిజమే కదా మాస్టారూ?" అంటారు. నిజమెంతో చూద్దాము, లెక్కల మాస్టారం కదా.

అమెరికాలో ముప్ఫైమూడు వేల మందికి పైగా బీపీ రోగులను ఏళ్ళ తరబడి పరిశీలించి 2002లో ఫలితాలు వెలువరించారు. ఆల్‌హ్యాట్ అని దాని పేరు. మొదట షుగరు లేనివారిలో, నాలుగేళ్ళకు నీళ్ళ మాత్ర వేసుకున్నవారిలో నూటికి 11.6 మందికి, ఆమ్లోడిపిన్ వారిలో 9.8 మందికి, లిసినోప్రిల్ వారిలో 8.1 మందికి షుగరు వచ్చింది. అంటే ఏ మాత్ర వేసుకున్నా కొందరికి వచ్చింది. నీళ్ళ మాత్ర వల్ల ఎక్కువైనది నూటికి ఇద్దరో ముగ్గురో. మరి గుండె? అక్కడే చిత్రం ఉంది. గుండెపోటు విషయంలో నీళ్ళ మాత్ర మిగతావాటికి తీసిపోలేదు. గుండె అలిసిపోయే జబ్బును ఆపడంలో మిగతా రెంటికన్నా మెరుగ్గానే నిలబడింది. షుగరు కొంచెం పెంచిన మందు గుండెను కాపాడింది. ఇప్పుడు దీన్ని చిన్న మోతాదులో ఇస్తారు, దాంతో షుగరు మీద దెబ్బ ఇంకా తక్కువ.

అదే 2002లో గుండె గోడ మందమైనవారిని తొమ్మిది వేలకు పైగా తీసుకుని, సగం మందికి అటెనొలాల్, సగం మందికి లోసార్టన్ ఇచ్చిన ఫలితాలు కూడా వచ్చాయి. లోసార్టన్ వారిలో కొత్తగా షుగరు రావడం నాలుగో వంతు తక్కువ, పక్షవాతం కూడా నాలుగో వంతు తక్కువ. ఇలాంటివి చూసే 2006లో ఇంగ్లండువారు వట్టి బీపీకి మొదటి మందుగా 'లాల్' జాతిని పక్కన పెట్టారు. పక్కన పెట్టినది వట్టి బీపీకి మాత్రమే. గుండెపోటు వచ్చినవారికి, గుండె బలహీనమైనవారికి, నడిస్తే ఛాతీ పట్టేసేవారికి, లయ తప్పినవారికి 'లాల్' జాతి ప్రాణం నిలబెట్టే మందు. అందులోనూ కార్వెడిలాల్ లాంటివి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి గనుక షుగరును చెడగొట్టవు. కాబట్టి మీ డబ్బాలో 'లాల్' కనబడగానే డాక్టరుగారికేమీ తెలియదని అనుకోరాదు. ఎందుకు ఇచ్చారో అడగాల. ఇదే మాట మా ఫూఫీ అడిగి ఉంటే పదకొండేళ్ళ పాత చీటీ మీద ఆ మాత్ర నడిచి ఉండేది కాదు.

షుగరు ఉన్నవాళ్ళలో బీపీని గట్టిగా అదుపు చేస్తే ఏమవుతుందని ఇంగ్లండులో చూశారు. 1998లో ఫలితాలు వచ్చాయి. ఒక జట్టుకు బీపీ సగటున 144/82 కు తెచ్చారు, ఇంకో జట్టు 154/87 దగ్గర ఉండింది. పైన పది, కింద అయిదు, అంతే తేడా. ఆ తేడాకే షుగరు సంబంధమైన మరణాలు 32 శాతం, పక్షవాతం 44 శాతం తగ్గాయి. అందులో కొందరికి ఇచ్చింది క్యాప్టోప్రిల్, కొందరికి ఇచ్చింది, వినండి, అటెనొలాలే! రెండూ ఇంచుమించు సమానంగా కాపాడాయి. 2021లో లాన్సెట్ పత్రికలో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్క కట్టారు. పైనున్న బీపీ అంకె 5 తగ్గితే కొత్తగా షుగరు వచ్చే అవకాశమే 11 శాతం తగ్గుతున్నదట. బీపీ మాత్రవల్ల షుగరొస్తుంది అన్న మాటకు ఇది ఎదురు లెక్క. బీపీ అదుపు తప్పితేనే షుగరు దగ్గరవుతుంది.

డాక్టరమ్మ చెప్పిన రెండో సగంలో ఇంకో ముక్క ఉంది. 'లాల్' మాత్ర ఏళ్ళ తరబడి వేసుకున్నప్పుడు, గుండె అడ్రినలిన్ కేక వినబడక, చెవులు రెండింతలు చేసుకుని కూర్చుంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే ఆ పెద్ద చెవులకు మామూలు కేకే ఉరుమై వినబడుతుంది. గుండె పరుగు పెడుతుంది, బీపీ ఎగబాకుతుంది, ఛాతీ పడుతుంది. మానవలసి వచ్చినా ఒకటి రెండు వారాలపాటు కొంచెం కొంచెంగా తగ్గించి మానాల, అదీ డాక్టరు కనిపెట్టి ఉండగా. ఫూఫీకి అయిదో రోజు జరిగింది అదే. తరువాత ఆమెకు మందులు మార్చారు. షుగరు మాత్ర ఒకటి కలిసింది. మాత్ర మార్చినందున షుగరు మాయమైపోయిందని మేము చెప్పము. మా తాతకు షుగరు, మా అబ్బాకు షుగరు, ఆ ఇంటి ఆడబిడ్డకు రావడానికి మాత్ర సాయం అంతగా అక్కరలేదు.

ఇప్పుడు రంజాన్ సంగతి. ఇది ఒక్కటి చెప్పడానికైనా ఈ సభకు రావాలనుకున్నాము.

2019లో రంజాన్ మే నెలలో పడింది. తిరుపతి ఎండ మీకు చెప్పనక్కరలేదు. మాకు చిన్నప్పుడు చదువు చెప్పిన ఉస్తాద్ ఒకరు, రిటైరైన మనిషి, షుగరుకు గ్లిమెపిరైడ్, బీపీకి అటెనొలాల్ వేసుకుంటారు. సహరీలో రెండూ మింగి రోజా ఉండేవారు. ఒకనాడు అసర్ నమాజు తరువాత మసీదు వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. చొక్కా అంతా తడిసిపోయింది. పలకరిస్తే మాట ముద్దగా వస్తున్నది. మమ్మల్ని చూసి ఇంకెవరి పేరో పెట్టి పిలిచారు. ఎండ దెబ్బ అని ఒకరు తల మీద నీళ్ళు పోశారు, పంకా కింద పడుకోబెట్టమని ఒకరు. చెయ్యి పట్టుకుని చూశాము. వణుకు లేదు, నాడి పరుగెత్తడం లేదు, నిదానంగా ఉంది. షుగరు పడిపోతే చేతులు వణకాల, గుండె దడదడలాడాల అని పిల్లలకు పాఠం చెప్పే వాళ్ళము మేమే. అవి లేవు గనుక షుగరు కాదేమో అనుకున్నాము.

ఆ వణుకునూ దడనూ తెచ్చేది అడ్రినలిన్. 'లాల్' మాత్ర దాని నోరు నొక్కేస్తుంది. షుగరు పడిపోతున్నదని ఒంటికి తెలిపే గంట మోగదు. మిగిలేది చెమట ఒక్కటే. మే నెలలో తిరుపతిలో చెమట చూసి ఎవరు అనుమానిస్తారు?

ఒక కుర్రవాడు ఇంటికి పరుగెత్తి తన తల్లి వాడే షుగరు మిషను తెచ్చాడు. వేలు గుచ్చి చూస్తే 46. ఇఫ్తార్‌కు ఇంకా రెండు గంటలు పైనే ఉంది. శర్బత్ గ్లాసు నోటి దగ్గర పెడితే ఉస్తాద్ పళ్ళు బిగించి తల తిప్పుకున్నారు. అప్పుడు హాఫిజ్ సాహెబు స్వయంగా వచ్చి, ఆయన పక్కన కూర్చుని, గ్లాసు తన చేత్తో పట్టుకుని, "తాగండి ఉస్తాద్, దీని జవాబు నేను చెప్పుకుంటాను" అన్నారు. తాగారు. పావుగంటకు మా పేరు సరిగ్గా పెట్టి పిలిచారు. పిలిచి, ఏడ్చారు.

రోగులకు మినహాయింపు సూరా బఖరా 184, 185 ఆయతుల్లో ఉన్నదని ఈ సభలో అందరికీ తెలిసినదే. మేము దాని మీద మాట్లాడదగిన వాళ్ళము కాము. మీ ఇమాంసాహెబును అడగండి. మేము చెప్పదగినది లెక్క వరకే. షుగరు 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ రోజు రోజా విరమించాలని రంజాన్ ఉపవాసాల గురించి కూర్చిన వైద్య సూచనల్లో ఉంది. వేలు గుచ్చి చూసుకున్నందువల్ల రోజా పోదని ఆ సూచనలు కూర్చినవారు ఉలమాలను సంప్రదించే రాశారు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ జాతి మాత్రలు, ఇన్సులిన్ సూదులు షుగరును పడగొట్టగలవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం చాలా తక్కువ. ఈ పడగొట్టే మందుతోబాటు 'లాల్' మాత్ర కూడా వేసుకునేవారు షాబాన్ చంద్రుడు కనబడక ముందే డాక్టరు దగ్గరికి పోవాల. మోతాదు తగ్గించడమో, వేళ మార్చడమో, మాత్ర మార్చడమో ఆయన చేస్తారు. నీళ్ళ మాత్ర వేసుకునేవారూ పోవాల. ఎండాకాలం పద్నాలుగు గంటలు నీరు లేకుండా ఉండి, పైగా ఉన్న నీళ్ళు మూత్రంలో పోతే లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడతారు, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. ఇంకో చిన్న సంగతి, ఇఫ్తార్‌లో మసీదు గంజి రెండు గిన్నెలు, సమోసాలు, ఊరగాయ, ఇన్ని తిని బీపీ ఎందుకు పెరిగిందని మాత్రను తిట్టుకోవద్దు. గంజి తప్పు లేదు, అందులో ఉప్పు వేసే చెయ్యి కొంచెం వెనక్కి లాగితే చాలు. ఈ ఏడు వంటకు నిలబడే కుర్రవాళ్ళు వింటున్నారనుకుంటాము.

డాక్టరు దగ్గరికి పోవడానికి మనకు కొదవ లేదు. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది, అక్కడ గుండెకు వేరే, షుగరుకు వేరే విభాగాలున్నాయి. చిత్తూరువారికి వేలూరు సీఎంసీ దగ్గర. ప్రభుత్వాసుపత్రిలో బీపీ మాత్రలు ఉచితం, జన ఔషధి షాపులో చవక. పోయేటప్పుడు మాత్రల అట్టలన్నీ, హకీం ఇచ్చిన పొడి ఉంటే అది కూడా, ఒక సంచిలో వేసుకుని పోండి. బీపీ డాక్టరుకు షుగరు మాత్రలు, షుగరు డాక్టరుకు బీపీ మాత్రలు చూపించండి. ఒకరిచ్చింది ఇంకొకరికి తెలియకపోవడమే ఉస్తాద్ విషయంలో జరిగింది. మాత్రల అట్టలు చూపించడానికి మనవాళ్ళకు ఎందుకో నామోషీ. పెళ్ళికూతురు నగలు చూపించినట్లు మొహమాటపడతారు.

మాకూ నలభై మూడో ఏట బీపీ వచ్చింది. టెల్మిసార్టన్ వేసుకుంటున్నాము. ఆర్నెల్లకొకసారి పొటాషియం, క్రియాటినిన్ చూపించుకుంటాము, ఆ జాతి మందుకు అది అవసరం. ఇది చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఉస్తాద్ సంగతి అడుగుతారని తెలుసు. తరువాతి ఏడు, 2020లో, రంజాన్‌కు రెండు నెలల ముందే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. గుండెకు వేరే జబ్బు లేదని చూసి, అటెనొలాల్‌ను మూడు వారాల్లో మెల్లగా తగ్గించి మానిపించి, బీపీకి వేరే మాత్ర ఇచ్చారు. షుగరు మందు కూడా మార్చారు. కొన్ని రోజాలు ఉండవచ్చు, ఒంట్లో బాగలేని రోజు మానాలన్నారు. ఆ ఏడు లాక్‌డౌను, మసీదులకు పోవడానికి లేదు, తరావీహ్ ఇళ్ళల్లోనే. రోజూ అసర్ దాటాక మా ఫోను మోగేది. సలాములు, క్షేమసమాచారాలు ఏమీ లేవు. బడిలో హాజరు పలికినట్లు ఒక్క అంకె చెప్పేవారు. "నూటపన్నెండు." ఇంకో రోజు "నూటముప్పైనాలుగు." ఒక రోజు "డెబ్బైఎనిమిది, శర్బత్ కలిపి దగ్గర పెట్టుకున్నా" అన్నారు. అరగంటకు మళ్ళీ ఫోను. "అరవైతొమ్మిది. తాగేశాను. ఫిద్యా డబ్బు రేపు నీ చేతికిస్తా, ఎవరికివ్వాల్నో చూడు."